వచ్చే మూడు రిలీజుల్లో ఏది ముందు? తీసేయాల్సినవాటి నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీది కర్వ్ ఫిట్టింగ్ (డేటాకి సరిపోయే గీతను కనుక్కోవడం), ఇంటర్‌పోలేషన్ (తెలిసిన బిందువుల మధ్య విలువలు అంచనా వేయడం), ఇంటిగ్రేషన్ (సమాకలనం) చేసే పైథాన్ లైబ్రరీ. ఎనిమిదేళ్ళుగా నడుస్తోంది, ఇప్పుడు 0.9 వెర్షన్ మీద ఉన్నారు. మెయింటెయినర్లు నలుగురు, అందరూ వేరే ఉద్యోగాలు చేసుకుంటూ మిగిలిన వేళల్లో దీన్ని చూసుకుంటున్నారు. తెరిచి ఉన్న ఇష్యూలు, అంటే వాడేవాళ్ళు నమోదు చేసిన ఫిర్యాదులు, కోరికలు, 400 దాకా ఉన్నాయి. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) సపోర్ట్ కావాలని కొందరు, పాత ఏపీఐని, అంటే వాడేవాళ్ళు పిలిచే ఫంక్షన్లను, శుభ్రం చేద్దామని కొందరు, ఇక స్థిరపడిందన్న గుర్తుగా 1.0 అని ప్రకటించేద్దామని ఇంకొందరు అంటున్నారు. వచ్చే మూడు రిలీజుల్లో దేన్ని ముందు పెట్టుకోవాలన్నది ప్రశ్న.

నేను పన్నెండేళ్ళుగా ఇలాంటి లైబ్రరీల మీదే పనిచేస్తున్నాను, అందులో సగం కాలం రిలీజ్ మేనేజర్‌గా. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. తప్పు జవాబులిచ్చే బగ్గులకు మొదటి చోటు. ఆ వెంటనే మీరు తీసేయదలచుకున్న ఫంక్షన్ల జాబితా. తర్వాత పైథాన్, నమ్‌పై (సంఖ్యల లెక్కలకు అందరూ ఆధారపడే మూల లైబ్రరీ) మారడం వల్ల గడువుతో సహా బయటి నుంచి వచ్చిపడే పనులు. కొత్త ఫీచర్లు వీటన్నిటి వెనక. జీపీయూ ఈ మూడు రిలీజుల్లో వద్దు. 1.0ని మూడో రిలీజుకు పెట్టుకోవచ్చు, ఒక షరతు మీద. ఆ షరతు చివర్లో చెబుతాను.

ఏ జాబితా అయినా రాసే ముందు గంటల లెక్క వేయండి. నలుగురూ వారానికి నాలుగేసి గంటలు ఇవ్వగలరనుకుందాం. ఒక రిలీజుకు పట్టే ఆరు నెలలకు, అంటే 26 వారాలకు, 416 గంటలు. నా అనుభవంలో ఇందులో సగానికి పైగా బయటివాళ్ళు పంపే కోడ్ మార్పులు (పుల్ రిక్వెస్టులు) చూడటానికి, ప్రశ్నలకు జవాబివ్వడానికి, ఉన్నట్టుండి విరిగిన టెస్టులను బాగుచేయడానికి పోతుంది. మిగిలేది 200 గంటలు. ఒక మాడ్యూల్‌ని తిరగరాయాలంటే టెస్టులు, డాక్యుమెంటేషన్, రివ్యూ అన్నీ కలిపి 100 గంటలు ఇట్టే దాటిపోతాయి. కాబట్టి ఒక్కో రిలీజులో పెద్ద పని ఒకటి, మహా అయితే రెండు. ఈ లెక్క నలుగురూ కలిసి కూర్చుని ఒప్పుకుంటే మీ మధ్య జరుగుతున్న వాదనలో సగం అక్కడే తేలిపోతుంది. కోడ్ రాసేవాళ్ళు బయటి నుంచి వస్తారు, వస్తూనే ఉంటారు. దాన్ని చదివి, లెక్క సరిచూసి, మెర్జ్ చేసి, రాసినవాళ్ళు వెళ్ళిపోయాక పదేళ్ళు మోయాల్సింది మాత్రం మీరే. మీకు కరువు రివ్యూ చేసే గంటలకు.

ఇష్యూల కింద పడే ఓట్లను బట్టి వరస నిర్ణయించాలని మీలో ఒకరు ప్రతిపాదించారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. జీపీయూ కావాలనుకున్నవాళ్ళకు అది కావాలని తెలుసు, అందుకే ఓటేస్తారు. మీ ఇంటిగ్రేషన్ ఫంక్షన్ తప్పు సంఖ్య ఇస్తే, ఆ సంఖ్య తీసుకుని వెళ్ళిపోయిన మనిషికి అది తప్పని తెలియనే తెలియదు. ఆయన ఇష్యూ తెరవరు, ఓటూ వేయరు. సైన్స్ లైబ్రరీలో అన్నిటికంటే ప్రమాదకరమైన బగ్‌కి అన్నిటికంటే తక్కువ ఓట్లు పడేది ఇందుకే.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 0 దాకా 1, ఆ తర్వాత అంతా 0 అయ్యే ఒక మెట్టు ఫంక్షన్ తీసుకోండి. దాన్ని -1 నుంచి 10000 దాకా ఇంటిగ్రేట్ చేస్తే కాగితం మీద జవాబు 1. శాస్త్రీయ లెక్కల లైబ్రరీ సైపైలో ఇంటిగ్రేషన్ చేసే క్వాడ్ ఫంక్షన్‌కి ఇదే ఇస్తే 0.0 అంటుంది, దోషం అంచనా కూడా 0.0 అంటుంది. ఎందుకంటే అది మొదటి విడతలో ఆ అంతరం మొత్తం మీద 21 బిందువులనే చూస్తుంది. వాటిలో ఎడమ చివరికి దగ్గరగా ఉన్నది కూడా 20 దాటిన చోట పడుతుంది. 21 చోట్లా సున్నాయే కనిపించడంతో, అంతా సున్నాయే అనుకుని, ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టకుండా ఆగిపోతుంది. అదే పై హద్దు 100 ఇస్తే జవాబు దాదాపు సరిగ్గా 1 వస్తుంది. ఈ ఉదాహరణను సైపై వాళ్ళు దాచిపెట్టలేదు, ఆ ఫంక్షన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. ఏ పరిమిత నమూనా పద్ధతికైనా ఇలాంటి గుడ్డి చోటు ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేయలేం. కానీ వాడేవాళ్ళకు చెప్పడం, మార్పు ఉన్న చోట్లను ముందే సూచించే వీలు ఇవ్వడం మన చేతిలో ఉన్నాయి.

మీ 400 ఇష్యూలను చదివేటప్పుడు ఇదే దృష్టితో చదవండి. ఒక్కోదానికీ ఒకటే ప్రశ్న: ఇది జరిగినప్పుడు వాడేవాళ్ళకు తెలుస్తుందా? ప్రోగ్రామ్ క్రాష్ అయితే తెలుస్తుంది. నెమ్మదిగా నడిస్తే తెలుస్తుంది. సంఖ్య తప్పొస్తే తెలియదు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో క్రాష్ అన్నిటికన్నా ఘోరం. మన దగ్గర క్రాష్ నయం, కనీసం ఎవరి పరిశోధనా పత్రంలోకీ ఎక్కదు. 'తప్పు జవాబు' అని ఒక లేబుల్ పెట్టండి. నలుగురూ వంద చొప్పున పంచుకుంటే రెండు వారాంతాల్లో అయిపోతుంది. చదవడం వరకే, సరిచేయడం అప్పుడే మొదలుపెట్టకండి. ఆ లేబుల్ కిందకు వచ్చినవాటిలో ఒక్కటి తెరిచి ఉన్నా తర్వాతి రిలీజు బయటికి పోకూడదని రాసి పెట్టుకోండి. సరిచేయలేకపోతే కనీసం ఆ సందర్భంలో ఎర్రర్ ఇచ్చి ఆపేయండి. అదీ కుదరకపోతే డాక్యుమెంటేషన్‌లో పైవరసనే రాయండి.

ఈ జాతిలోదే ఇంకొకటుంది, అది మనం చేజేతులా తెచ్చుకునేది. డిఫాల్ట్ విలువలు, అంటే వాడేవాళ్ళు ఏమీ చెప్పకపోతే వాడేవి, మార్చడం. నేను రిలీజ్ మేనేజర్‌గా ఉన్న ఒక లైబ్రరీలో ఆప్టిమైజర్ (ఉత్తమ విలువను వెతికే కోడ్) ఎక్కడ ఆగాలో చెప్పే హద్దును కొంచెం సడలించాం. వేగం బాగా పెరిగింది, టెస్టులన్నీ పాసయ్యాయి, విడుదల గమనికల్లో ఒక వాక్యం రాశాం. మూడు నెలల తర్వాత ఒకరు ఉత్తరం రాశారు. తమ పాత ఫలితాలు మళ్ళీ నడిపితే మూడో దశాంశం దగ్గర తేడా వస్తోందట. కారణం తమ డేటాలో ఉందేమోనని రెండు వారాలు వెతికారట. ఆ రెండు వారాలూ మా వల్ల పోయాయి. చాప కింద నీరులా వచ్చే మార్పు ఇది. అప్పటి నుంచి సంఖ్యలను మార్చే డిఫాల్ట్‌ని నేను ఫీచర్‌గా చూడను, తొలగింపుతో సమానంగా చూస్తాను. దానికీ నోటీసు కాలం ఉండాలి.

ఇలాంటి మార్పును మర్యాదగా ఎలా చేయాలో పెద్ద లైబ్రరీలు చూపించాయి. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో 2.0 వెర్షన్‌తో తన డిఫాల్ట్ రంగుల పట్టీని జెట్ నుంచి విరిడిస్‌కి మార్చింది. పాత రూపమే కావాలన్నవాళ్ళకు 'క్లాసిక్' అనే స్టైల్ ఇచ్చింది, ఒక్క లైనుతో వెనక్కి వెళ్ళొచ్చు. నమ్‌పై 2019లో 1.17తో యాదృచ్ఛిక సంఖ్యలకు కొత్త జనరేటర్ తెచ్చింది. పాత పద్ధతిని మెరుగుపరుస్తామంటూ ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టు స్తంభింపజేసి కొత్తదాన్ని పక్కన వేరే పేరుతో పెట్టింది. పాత సీడ్‌తో (వరసను మొదలుపెట్టే సంఖ్యతో) పాత వరసే రావాలన్నవాళ్ళు పాతదాన్నే వాడుకుంటారు. మీ ఫిట్టింగ్ ఫంక్షన్‌లో కొత్త అల్గారిథమ్ మెరుగ్గా ఉందంటున్నారు కదా, దానికి నేను చెప్పేది కూడా ఇదే. 'మెథడ్' అనే ఆర్గ్యుమెంట్ ఒకటి చేర్చండి, డిఫాల్ట్‌ని మాత్రం పాతదాని మీదే ఉంచండి. కొత్తదాన్ని ఏడాది పాటు జనం వాడాక మార్చే సంగతి మాట్లాడండి.

ఇప్పుడు తీసేయాల్సినవాటి సంగతి. శీర్షికలో దీన్నే పెట్టడానికి కారణం క్యాలెండర్. ఒక ఫంక్షన్‌ని తీసేయాలంటే కనీసం రెండు రిలీజుల పాటు హెచ్చరిక ఇవ్వడం సైకిట్-లెర్న్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) లాంటివాటిలో ఆనవాయితీ. మీకు 0.10, 0.11, ఆ తర్వాతిది అని మూడు రిలీజులున్నాయి. మూడో రిలీజులో తీసేయాలంటే హెచ్చరిక 0.10లోనే ఉండాలి. కొత్త ఫీచర్ 0.10లో రాకపోతే 0.11లో వస్తుంది, ఎవరి కొంపా మునగదు. హెచ్చరిక 0.10లో పడకపోతే మాత్రం శుభ్రం చేసే పని మొత్తం ఈ మూడు రిలీజులు దాటి పోతుంది, దానితో పాటే 1.0 కూడా అటకెక్కుతుంది. మీ మొదటి రిలీజులో వాయిదా వేయడానికి వీల్లేని ఫీచర్లు లేవు, హెచ్చరికలు మాత్రం ఉన్నాయి.

హెచ్చరిక పెట్టగానే పని అయిపోయిందనుకోకండి. నమ్‌పైలో 'ఎన్‌పీ.ఫ్లోట్', 'ఎన్‌పీ.ఇంట్' లాంటి పేర్లకు 2021 జనవరిలో వచ్చిన 1.20లో హెచ్చరిక పెట్టారు. 2022 డిసెంబరులో వచ్చిన 1.24లో తీసేశారు. దాదాపు రెండేళ్ళు. అయినా తీసేసిన రోజున ఎంతో కోడ్ విరిగింది. ఇందుకు ఒక కారణం పైథాన్ పనిచేసే తీరులోనే ఉంది. డెప్రికేషన్‌వార్నింగ్ అనే రకం హెచ్చరికను పైథాన్ మామూలుగా చూపించదు. మీరు నేరుగా నడిపిన స్క్రిప్టులోంచే వస్తే చూపిస్తుంది, దిగుమతి చేసుకున్న మాడ్యూల్ లోపలి నుంచి వస్తే మింగేస్తుంది. ఒక పరిశోధకురాలు వేరే ప్యాకేజీని వాడుతుంటే, ఆ ప్యాకేజీ మీ ఫంక్షన్‌ని పిలుస్తుంటే, ఆమెకు రెండేళ్ళూ ఏమీ కనిపించదు. తీసేసిన రోజున నేరుగా ఎర్రర్ కనిపిస్తుంది. అందుకని చివరి వాడుకరికి తెలియాల్సినదానికి ఫ్యూచర్‌వార్నింగ్ వాడండి, అది ఎప్పుడూ కనిపిస్తుంది. 'స్టాక్‌లెవెల్' విలువ 2 ఇవ్వండి, అప్పుడు హెచ్చరిక మీ ఫైలులోని లైనుని కాక వాళ్ళ ఫైలులోని లైనుని చూపిస్తుంది. లోపల ఇంకో పొర ఉంటే 3 ఇవ్వాల్సి రావచ్చు, టెస్టు రాసి చూసుకోండి.

హెచ్చరికలోని మాటలు కూడా ముఖ్యం. 'ఈ ఫంక్షన్ త్వరలో తొలగించబడును' అని రాస్తే చదివినవాళ్ళకు ఏం చేయాలో తెలియదు. 'గ్రిడ్_ఫిట్‌ని 0.12లో తీసేస్తున్నాం. బదులుగా ఫిట్‌ని మెథడ్=గ్రిడ్‌తో పిలవండి, ఫలితం అదే వస్తుంది' అని రాస్తే ఆ లైను కాపీ చేసుకుని అక్కడికక్కడే మార్చుకుంటారు. ఫలితం అదే రాకపోతే ఆ ముక్క కూడా అక్కడే చెప్పాలి. సైపైలో ఇంటర్ప్2డీ అనే ఫంక్షన్‌ని తీసేసినప్పుడు ఇదే సమస్య వచ్చింది. దాని బదులు వాడాల్సినవి డేటా ఆకారాన్ని బట్టి వేరువేరు. కాబట్టి 2023లో 1.10లో హెచ్చరిక పెట్టి, ఏ సందర్భంలో దేనికి మారాలో విడిగా ఒక మార్గదర్శి రాసి, 2024లో 1.14లో తీసేశారు. మీ ఇంటర్‌పోలేషన్ మాడ్యూల్‌కి ఆ మార్గదర్శిని నమూనాగా పెట్టుకోండి.

ఏది తీసేయాలో నిర్ణయించేటప్పుడు మీలో మీరే కూర్చుని 'ఇదెవరు వాడతారులే' అనుకోవద్దు. గిట్‌హబ్‌లో కోడ్ వెతకండి. ఆ పేరు ఎన్ని చోట్ల కనిపిస్తోంది, ఏ రకం వాళ్ళు వాడుతున్నారు అన్నది అరగంటలో తెలుస్తుంది. ఉంచడానికి ఖర్చేమీ లేని ఫంక్షన్‌ని కేవలం పేరు అందంగా లేదని తీసేయడం నాకు నచ్చదు. వాడేవాళ్ళ సమయంతో మన అందానికి వెల కట్టించడమే అది. తప్పు జవాబుకి దారితీసే ఏపీఐ, రెండు రకాలుగా అర్థమయ్యే ఆర్గ్యుమెంట్, ఎవరూ మోయలేని కోడ్, వీటిని తీసేయండి.

బయటి గడువుల గురించి క్లుప్తంగా. ఏ పైథాన్ వెర్షన్ల దాకా సపోర్ట్ చేయాలన్న వాదన మీరు మళ్ళీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. సైంటిఫిక్ పైథాన్ సమాజం స్పెక్ 0 అనే ఒప్పందం రాసుకుంది: పైథాన్ వెర్షన్‌కి విడుదలైన నాటి నుంచి మూడేళ్ళు, నమ్‌పై లాంటి మూల లైబ్రరీలకు రెండేళ్ళు. దాన్నే పాటిస్తామని ఒక వాక్యం రాసేయండి. మీ బిల్డ్ (కోడ్‌ని ప్యాకేజీగా తయారుచేసే పని) ఇంకా పైథాన్‌తో పాటు వచ్చే పాత పనిముట్టు డిస్ట్‌యుటిల్స్ మీద ఆధారపడుతోందని రాశారు. అది 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి లేనే లేదు. సైపై 2022లోనే మేసన్ అనే బిల్డ్ పనిముట్టుకి మారింది, నమ్‌పై 2023లో మారింది. 0.10లో మీరు పెట్టుకోవాల్సిన ఒకే ఒక్క పెద్ద పని ఇదే. అందులోనే నమ్‌పై 2.0 హెడర్లతో కంపైల్ అయ్యేలా చూసుకోండి, అలా తయారైన బైనరీ పాత 1.x తోనూ నడుస్తుంది. నమ్‌పై 2.0 కంటికి కనిపించకుండా మార్చినది కూడా ఒకటుంది. ఫ్లోట్32 (32 బిట్ల) నమ్‌పై స్కేలార్‌కి, అంటే ఒంటరి సంఖ్యకి, మామూలు పైథాన్ దశాంశ సంఖ్య కలిపితే ఇంతకుముందు ఎక్కువ కచ్చితమైన ఫ్లోట్64 (64 బిట్లది) వచ్చేది, ఇప్పుడు ఫ్లోట్32 గానే ఉంటుంది. మీ ఫిట్టింగ్ కోడ్‌లో ఎక్కడైనా ఆ పాత ప్రవర్తన మీద తెలియకుండా ఆధారపడి ఉంటే కచ్చితత్వం తగ్గుతుంది, ఏ ఎర్రరూ రాదు. ఇది కూడా 'తప్పు జవాబు' లేబుల్ కిందికే వస్తుంది.

జీపీయూ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. అది కావాలన్నవాళ్ళ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, వాళ్ళ అవసరం నిజమైనదే. కానీ నలుగురిలో ఒక్కరి దగ్గరా ఆ హార్డ్‌వేర్ లేదని మీరే రాశారు. టెస్టులు నడిపే చోటు లేకుండా కోడ్ తీసుకుంటే, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో మనకే తెలియని స్థితిలో జనానికి ఇస్తున్నట్టు. అందుకు బదులు, అర్రే ఏపీఐ స్టాండర్డ్‌కి తగ్గట్టు ఒక్క మాడ్యూల్‌ని రాసి చూడండి. నమ్‌పైకి కట్టేసుకోకుండా వచ్చిన అర్రే ఏ లైబ్రరీదైతే దాని ఫంక్షన్లనే వాడే పద్ధతి అది. సైపై కూడా ఇలాగే ప్రయోగాత్మకంగా అడుగులు వేసింది, 2024 జనవరిలో వచ్చిన 1.12లో ఎఫ్‌ఎఫ్‌టీ (ఫూరియర్ రూపాంతరం), క్లస్టర్ మాడ్యూళ్ళకు ఆ సపోర్ట్ చేర్చింది. మీకు 0.11లో చోటు మిగిలితే ఇంటర్‌పోలేషన్‌లోని అతి చిన్న ఫంక్షన్‌తో మొదలుపెట్టొచ్చు.

కొత్త అల్గారిథమ్‌ల విషయంలో 'వద్దు' అనడం మీకు కష్టంగా ఉందని రాశారు. ఉత్సాహంగా రాసుకొచ్చిన విద్యార్థికి వద్దని చెప్పడం నిజంగానే కష్టం. దానికి మనిషి కన్నా ముందే రాసిపెట్టిన నియమం మేలు. సైకిట్-లెర్న్ నియమం తెలిసే ఉంటుంది: ప్రచురించి కనీసం మూడేళ్ళు అయి, 200కు పైగా ఉల్లేఖనలు, విస్తృత వాడకం ఉన్న పద్ధతులనే పరిశీలిస్తారు. మీ రంగం చిన్నది కాబట్టి 200 ఎక్కువ కావచ్చు, మీ సంఖ్య మీరు పెట్టుకోండి. నేనైతే ఇంకొకటి కలుపుతాను: నలుగురిలో కనీసం ఇద్దరు ఆ గణితాన్ని చదివి అర్థం చేసుకోగలగాలి. ఒక్కరికే అర్థమైన కోడ్ ఆ ఒక్కరు వెళ్ళిపోయిన రోజున అనాథ అవుతుంది.

రిలీజ్ తేదీ విషయంలో తేదీని ముందు ఖాయం చేసి, ఆ రోజుకు సిద్ధమైనవాటినే పంపండి. 'ఈ ఫీచర్ అయ్యాక విడుదల' అన్న పద్ధతిలో ఎనిమిది నెలలు ఆగిన రిలీజు నాకు గుర్తుంది. ఆ ఎనిమిది నెలలూ సరిచేసిన బగ్గులు కూడా లోపలే చిక్కుకుపోయాయి. ఆరు నెలలకొకటి చాలు. తేదీకి నెల ముందు బ్రాంచ్ కట్ చేయండి, అంటే రిలీజుకు వెళ్ళే కోడ్‌ని విడి ప్రతిగా వేరుచేయండి, ఆ రోజు నుంచి అందులోకి బగ్ సవరణలు తప్ప ఏమీ వెళ్ళకూడదు. ఇల్లలకగానే పండగ కాదు. రిలీజ్ క్యాండిడేట్‌ని, అంటే పరీక్షించడానికి ముందుగా ఇచ్చే రూపాన్ని, బయటపెట్టి, మీ మీద ఆధారపడ్డ రెండు మూడు ప్యాకేజీల టెస్టులను మీరే నడిపి చూడండి. వాళ్ళు వచ్చి చూస్తారని ఎదురుచూస్తే క్యాండిడేట్‌ని ఎవరూ చూడరు, అసలు విడుదల మర్నాడు అందరూ చూస్తారు.

ఇక 1.0. సైపై 2001లో మొదలై 1.0కి చేరేసరికి 2017 వచ్చింది. నమ్‌పై 1.0 2006లో వస్తే 2.0 రావడానికి 2024 దాకా పట్టింది. ఎన్నేళ్ళు పడుతుందన్నదానికి లెక్కేమీ లేదు. నా షరతు ఇది: 0.10లో హెచ్చరిక పెట్టినవన్నీ మూడో రిలీజు నాటికి నిజంగా తీసేసి ఉండాలి, 'తప్పు జవాబు' లేబుల్ కింద తెరిచి ఉన్న ఇష్యూ ఒక్కటీ ఉండకూడదు. ఆ రెండూ నెరవేరితే 0.12 అనే పేరు బదులు 1.0 అని పెట్టండి. హెచ్చరికలో 0.12 అని రాసిన చోట 'తర్వాతి రెండో రిలీజు' అని రాస్తే పేరు మారినా ఇబ్బంది ఉండదు.

ఇదంతా ఒకటిన్నర పేజీ మించకుండా రాసి రిపోజిటరీలో పెట్టండి. ప్రతి పని పక్కన దాన్ని మోసే మనిషి పేరు ఉండాలి. పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాని పనిని 'ఇప్పుడు చేయడం లేదు' అన్న విభాగంలోకి మార్చండి, జీపీయూని కూడా కారణంతో సహా అక్కడే రాయండి.

మీ నలుగురూ వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరో, తీసేయదలచుకున్న ఫంక్షన్లు ఎన్నో రాస్తే 0.10లోకి ఏ హెచ్చరికలు వెళ్ళాలో కలిసి చూద్దాం. ఫిట్టింగ్ మాడ్యూల్‌లో ఫ్లోట్32 డేటా వెళ్ళే దారులు ముందు చూడండి, మొదటి 'తప్పు జవాబు' అక్కడే దొరుకుతుందని నా అనుమానం.